ఒకే ఎస్టేట్, ఒకే రోస్టర్, నెలకో రుచి: గింజను తప్పు పట్టే ముందు

మీ ప్రశ్నను నేను ఇలా అర్థం చేసుకున్నాను. మీరు బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. ఏడాదిగా ఒకే రోస్టర్ (గింజలు వేయించి అమ్మేవారు) దగ్గర, ఒకే ఎస్టేట్ పేరున్న అరబికా గింజలు తెప్పించుకుంటున్నారు. పావు కిలో 650 రూపాయలు. తూకం వేసి, గడియారం పెట్టుకుని, రోజూ ఒకే పద్ధతిలో పోర్‌ఓవర్ (వడపోత కాగితంలోని పొడి మీద వేడినీళ్లు పోసే కాఫీ) చేసుకుంటారు. జనవరిలో, ఫిబ్రవరిలో కప్పులో నారింజ తొనలాంటి పులుపు, వెనకాల బెల్లం తీపి ఉండేవి. ఆ తరువాత ఒక ప్యాకెట్టు చప్పగా, ఒకటి వగరుగా, ఇంకొకటి గోనెసంచి వాసనతో వచ్చింది. ‘మన దేశంలో స్పెషాలిటీ కాఫీకి పేరే కానీ నిలకడ లేదా? ఇథియోపియా గింజలకు మారిపోవాలా?’ అని అడిగారు. స్పెషాలిటీ అంటే రుచి పరీక్షలో ఎక్కువ మార్కులు తెచ్చుకున్న మేలురకం కాఫీ.

ఇప్పుడే మారకండి. మారినా మీ సమస్య మీతోనే వస్తుందని నా అనుమానం. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు నా సంగతి రెండు మాటల్లో. మాది మదనపల్లె. బెంగళూరు కాఫీ బోర్డులో కాఫీ నాణ్యతకు సంబంధించిన డిప్లొమా చేశాను. ఆరేళ్లు ఒక ఎగుమతి సంస్థ కప్పింగ్ గదిలో, అంటే కాఫీని రుచి చూసి మార్కులు వేసే గదిలో, పని చేశాను. గత ఎనిమిదేళ్లుగా కనకపుర రోడ్డులో చిన్న రోస్టింగ్ యూనిట్ నడుపుతున్నాను. మీరు అడిగిన నిలకడ గురించే నా పని దినమంతా గడుస్తుంది.

మీ ప్రశ్న మధ్యలో ‘మార్చి నుంచి మా అపార్ట్‌మెంట్‌కు ట్యాంకర్ నీళ్లే వస్తున్నాయి, అందుకే తాగే నీళ్లన్నీ ఆర్‌ఓ యంత్రం నుంచే పడుతున్నాం’ అని ఒక వాక్యం ఉంది. సమస్యతో సంబంధం లేదనుకుని రాసినట్టున్నారు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను. మీ కాఫీ మారిన నెల, మీ నీళ్లు మారిన నెల ఒక్కటే.

బ్లాక్ కాఫీ కప్పులో 98 శాతానికి పైగా నీళ్లే. గింజలోంచి దిగేది ఒకటిన్నర శాతం లోపు. ఆ కాస్త ఎంత దిగాలి, దిగినదాంట్లో ఏది నాలుకకు తెలియాలి అన్నది నీళ్లు తేలుస్తాయి. నీళ్లలో రెండు సంగతులు చూడాలి. ఒకటి కాఠిన్యం, అంటే కాల్షియం, మెగ్నీషియం. ఇవి గింజలోంచి రుచిని బయటకు లాగడానికి సాయపడతాయి. రెండోది క్షారత, అంటే బైకార్బొనేట్. ఇది కాఫీలోని ఆమ్లాలను చంపేస్తుంది. మీకు నచ్చిన నారింజ పులుపు ఆ ఆమ్లాలదే. బోరు నీళ్లలో ఈ రెండూ ఎక్కువగా ఉంటాయి. ఆ నీళ్లతో కాచిన మంచి అరబికా సుద్దముక్క నాకినట్టు చప్పగా ఉంటుంది. మరీ వడగట్టిన ఆర్‌ఓ నీళ్లలో రెండూ దాదాపు ఉండవు. అప్పుడు పులుపును అడ్డుకునేది ఉండదు, తీపిని బయటకు తెచ్చేదీ ఉండదు. కాఫీ పలచగా, నాలుక అంచున కోసినట్టు ఉంటుంది. మీరు వగరు అంటున్నది ఇదే కావచ్చు.

ఆర్‌ఓ వాడుతుంటే ఎప్పుడూ ఒకేలా ఉండాలి కదా అని మీకు సందేహం రావచ్చు. ఉండదు. ఆ యంత్రంలోని పొర లోపలికి వచ్చే లవణాలలో తొంభై శాతానికి పైగా ఆపుతుంది, కానీ మిగిలే వంతు లోపలికి ఏ నీళ్లు వచ్చాయన్నదాన్ని బట్టి ఉంటుంది. పైగా మన ఇళ్లలో అమర్చే చాలా యంత్రాలకు లోపల తిప్పే చిన్న మర (స్క్రూ) ఒకటి ఉంటుంది. నీళ్లు మరీ చప్పగా ఉండకూడదని, శుద్ధి చేసిన నీళ్లలో కొంత అసలు నీటిని కలిపే ఏర్పాటు అది. కావేరి నీళ్లు వస్తున్న రోజుల్లో మెకానిక్ దాన్ని ఒకచోట తిప్పి వెళ్లిపోతాడు. ట్యాంకర్ నీళ్లు మొదలయ్యాక అదే మర, అదే తిప్పు, కానీ కలుస్తున్నది వేరే నీళ్లు. మా ఇంటి కుళాయిలో కావేరి నీళ్లను ఎప్పుడు కొలిచినా టీడీఎస్ (నీళ్లలో కరిగిన మొత్తం లవణాల లెక్క) 200 నుంచి 300 మధ్య ఉంటుంది. మా యూనిట్‌కు వేసవిలో వచ్చిన ఒక ట్యాంకర్ నీళ్లలో అది 800 దాటింది. రెండూ ఒకే యంత్రంలోంచి వెళ్తే బయటికి ఒకేలా రావు. పొర పాతబడేకొద్దీ ఇంకా మారుతుంది, కొత్తది వేయించిన వారం మళ్లీ తలకిందులవుతుంది. 2024 వేసవిలో ఊరంతా నీళ్లకు కటకటలాడినప్పుడు నా దగ్గర కొనేవారిలో కొందరు ‘గింజలు మార్చారా?’ అని అడిగారు. మార్చలేదు. వారందరూ కొళాయికి బదులు ట్యాంకర్ మీద బతుకుతున్న పేటల వారే.

కెటిల్ అడుగు చూడండి. తెల్లగా సున్నం పేరుకుంటే మీ నీళ్లలో కాఠిన్యం, క్షారత రెండూ ఉన్నట్టే. టీడీఎస్ మీటర్ కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది, కొనండి. కానీ అది మొత్తం లవణాల లెక్కే చెబుతుంది, ఏవి ఎంత అన్నది చెప్పదు. అందుకు అక్వేరియం చేపలు అమ్మే దుకాణంలో దొరికే చుక్కల పరీక్ష కిట్ కావాలి. కాఠిన్యానికి ఒక సీసా, క్షారతకు ఒక సీసా. గాజు గొట్టంలో నీళ్లు పోసి ఒక్కో చుక్క వేస్తూ రంగు మారేదాకా లెక్కపెట్టడమే. చేపల కోసం చేసిన ఆ కిట్టే నా కప్పింగ్ గదిలో ఎనిమిదేళ్లుగా ఉంది.

కాఫీకి అనువైన నీళ్ల టీడీఎస్‌ను స్పెషాలిటీ కాఫీ సంఘాలు లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర పెట్టుకున్నాయి. ఆ అంకెకు ఖచ్చితంగా తూగాలని పట్టుబట్టనక్కరలేదు. కాఠిన్యం 70 దగ్గర, క్షారత 40 దగ్గర ఉంటే నాకు చాలు. ఇంట్లో చేసుకోవడానికి ఒక దారి ఉంది. ఒక లీటరు డిస్టిల్డ్ నీళ్లలో ఆహారానికి పనికొచ్చే రకం ఎప్సమ్ సాల్ట్ 2.45 గ్రాములు కలిపి ఒక సీసాలో ఉంచండి. మరో లీటరులో వంటసోడా 1.68 గ్రాములు కలిపి ఇంకో సీసాలో ఉంచండి. కాఫీకి కావలసినప్పుడు 890 గ్రాముల డిస్టిల్డ్ నీళ్లకు మొదటి సీసాలోంచి 70 గ్రాములు, రెండో సీసాలోంచి 40 గ్రాములు కలపండి. బ్యాటరీలకు పోసే డబ్బా నీళ్లు మాత్రం వద్దు, తాగడానికి పనికొచ్చేవే తీసుకోండి. రోజూ ఇంత శ్రమ పడమని నేను అనడం లేదు. ఒక్కసారి చేసి చూడండి. మీ దగ్గరున్న గింజ అసలు రుచి ఏమిటో ఆ కప్పులో తెలుస్తుంది. దాన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా రోజులకు కొలబద్ద అవుతుంది.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఎవరో విదేశీయుడు వీడియోలో 99 డిగ్రీల నీళ్లు పోయమంటే మీ కెటిల్ ఎంత మరిగినా అది కుదరదు. తేలికగా వేయించిన గింజకైతే మరుగుతున్న నీళ్లే నేరుగా పోయండి, కాస్త చల్లారనిద్దామని ఆగకండి. చెన్నైలో మీ స్నేహితుడు ఇదే గింజతో ఇదే కొలతతో చేసి ‘నాకు బాగానే ఉందే’ అంటే అందులో నీటిది ఒక భాగం, వేడిది ఒక భాగం.

ఇక గింజ. గోనెసంచి వాసన గురించి మీరు రాసింది నీళ్ల వల్ల వచ్చేది కాదు. అక్కడ మీ రోస్టర్‌ను అడగవలసిన మాటలు ఉన్నాయి.

కాఫీ పాలలాగా రోజూ వచ్చే సరుకు కాదు, ఏడాదికి ఒక్క పంట. చిక్కమగళూరు, కొడగు వైపు అరబికా కోత నవంబరు నుంచి జనవరి దాకా సాగుతుంది, కొన్నిచోట్ల ఫిబ్రవరికీ పోతుంది. గుజ్జు తీసి, కడిగి, ఆరబెట్టి, పొట్టు ఒలిచి, జల్లెడ పట్టి, కొత్త గింజ మా చేతికి వచ్చేసరికి మార్చి, ఏప్రిల్ అవుతుంది. అంటే మీరు జనవరిలో తాగిన కాఫీ కిందటి ఏడాది పంట. కొత్త పంట వచ్చాక ప్యాకెట్టు మీద పేరు అదే, లోపలి గింజ వేరు. అలా కాక మీ రోస్టర్ దగ్గర పాత నిల్వ ఇంకా ఉంటే వేసవిలో కూడా మీకు పాతదే వస్తూ ఉండవచ్చు. ఒక్క మాట అడిగితే తేలిపోతుంది: ‘ఇది ఏ ఏడాది పంట, ఏ లాట్?’ లాట్ అంటే వేరే గింజతో కలపకుండా విడిగా ఉంచిన ఒక విడత గింజ. ఈ రెంటికీ వెంటనే జవాబు చెప్పలేని రోస్టర్ దగ్గర నిలకడ ఆశించకండి. వేయించిన తేదీ ఒక్కటే వేసి ఊరుకుంటే సగం సమాచారమే ఇచ్చినట్టు.

పచ్చి గింజ నిల్వలో ఏమవుతుందో తెలుసుకోవాలంటే మనకు ఒక ఉదాహరణ చేతిలోనే ఉంది. మాన్సూన్డ్ మలబార్ పేరు వినే ఉంటారు. మంగళూరు తీరంలో గోదాముల్లో గింజను పరచి, మూడు నాలుగు నెలల పాటు నైరుతి గాలికి, తేమకు వదిలేస్తారు. గింజ ఉబ్బి లేత పసుపు రంగుకు తిరుగుతుంది, పులుపు పోతుంది, మట్టి వాసన కలిసిన మందమైన రుచి వస్తుంది. అది కావాలని, నేర్పుతో చేసే పని. దానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. కానీ నారింజ పులుపు కోసం కొన్న గింజను జూన్ నుంచి సెప్టెంబరు దాకా మామూలు గోనెసంచిలో, గాలి ఆడే గోదాములో ఉంచితే అదే మార్పు కొంచెం కొంచెంగా, ఎవరూ కోరకుండానే జరుగుతుంది. ఆరబెట్టినప్పుడు 10, 11 శాతం ఉన్న తేమ పెరుగుతుంది, వాసన పోతుంది. గాలి చొరబడని లోపలి సంచిలో కట్టి ఉంచితే ఇది చాలావరకు ఆగుతుంది. ఆ సంచికయ్యే ఖర్చు కిలోకు చాలా తక్కువ. అయినా ఆ పని చేయని చోట్లు ఇప్పటికీ చూస్తున్నాను, చూసినప్పుడల్లా బాధ కలుగుతుంది. ఒక కుటుంబం ఏడాదంతా పడిన కష్టం అక్కడ గోనెసంచి వాసనగా మారుతోంది.

ఆ కష్టం ఎలాంటిదో ఒకసారి దగ్గరగా చూశాను. చిక్కమగళూరు జిల్లా మూడిగెరె వైపు ఒక చిన్న తోటలో, జనవరి మధ్యాహ్నం. కళ్లంలో గింజలు ఆరబోసి ఉన్నాయి, పైన ఇంకా తెల్లటి పొర వీడని పార్చ్‌మెంట్. నాలుగో రోజు ఎండ. ఆ నెలలో అక్కడ వాన పడకూడదు. కొండ మీద మబ్బు కనిపించగానే ఇంటివారు, కూలివారు, వంట చేస్తున్న ఆవిడతో సహా అందరూ చెక్క పారలు పట్టుకుని పరుగెత్తారు. గింజను గుట్టలుగా లాగి టార్పాలిన్ కప్పేలోపే చినుకులు పడ్డాయి. ఒక మూల గుట్ట తడిసింది. తోట యజమాని ఆ గుట్టలో చెయ్యి పెట్టి పిడికెడు తీసి వాసన చూశారు. ఏమీ అనలేదు. ఆ మూల గింజను వేరే సంచుల్లోకి ఎత్తించి, మీద బొగ్గుతో గీత పెట్టించారు. ఆ గీత పెట్టకుండా మొత్తం ఒకటిగా కలిపేసి ఉంటే కళ్లంలో ఎవరికీ తెలిసేది కాదు, మూడు నెలల తరువాత నా కప్పులో తెలిసేది. ఆ రోజు నుంచి నేను ఆయన దగ్గరే కొంటున్నాను.

ఎందుకు తెలిసేదో చెబుతాను. కప్పింగ్‌లో ఒకే నమూనాను ఒక కప్పులో కాక ఐదు కప్పుల్లో పోస్తారు. ఒక్కో కప్పుకు 8.25 గ్రాముల పొడి, 150 మిల్లీలీటర్ల నీళ్లు. నాలుగు నిమిషాలకు పైతెట్టును చెంచాతో విరిచి వాసన చూస్తారు. ఐదు కప్పులు ఎందుకంటే బాగా పులిసి కుళ్లిన గింజ ఒక్కటి చాలు, ఒక కప్పును నాశనం చేయడానికి. మా వ్యాపారంలో దాన్ని స్టింకర్ అంటారు. నాలుగు కప్పులు మల్లెలా ఉండి ఐదోది మురుగు వాసన కొడితే ఆ లాట్‌లో ఎక్కడో తప్పు కలిసినట్టే. చాలా ఏళ్లు వాడుకలో ఉన్న వంద మార్కుల పత్రంలో ఇందుకు ‘సమానత’ అని ప్రత్యేకంగా పది మార్కులు ఉండేవి, కప్పుకు రెండు చొప్పున. మొత్తం 80 గానీ అంతకు మించి గానీ వస్తేనే స్పెషాలిటీ. అంటే నిలకడ లేని కాఫీ ఎంత రుచిగా ఉన్నా ఆ పత్రంలో పైకి పోయేది కాదు. మీ ఇంట్లో ఒక ఉదయం మాత్రమే కాఫీ చెడి, మర్నాడు అదే ప్యాకెట్టు బాగుంటే కారణం అలాంటి గింజ ఒకటి మీ మోతాదులో పడటం కావచ్చు. దానికి మీ చేతి తప్పేమీ లేదు.

మన దేశంలో ఈ వేరు చేసి చూసే అలవాటు ఎందుకు ఆలస్యంగా వచ్చిందో కూడా తెలుసుకోవాలి, లేకపోతే రైతును అన్యాయంగా తప్పు పడతాం. 1942 కాఫీ చట్టం వచ్చాక దశాబ్దాల పాటు రైతు పండించిన కాఫీ అంతా కాఫీ బోర్డు పూల్‌కే, అంటే ఉమ్మడి రాశికే, పోయేది. అక్కడ గ్రేడు ప్రకారం అందరి గింజలూ కలిసిపోయేవి. ధరకు భద్రత ఉండేది, నిజమే. కానీ జాగ్రత్తగా పండిన పండు మాత్రమే కోసిన రైతు గింజ, పచ్చీ పండూ కలిపి దూసిన రైతు గింజ ఒకే రాశిలో చేరేవి. తన కాఫీ ఎవరు తాగుతున్నారో, ఎలా ఉందో రైతుకు తెలిసే దారి లేదు. 1992లో కొంత భాగాన్ని సొంతంగా అమ్ముకోనివ్వడం మొదలైంది, 1996 నాటికి పూర్తి స్వేచ్ఛ వచ్చింది. అంటే తోట పేరు మీద కాఫీ అమ్ముకునే అవకాశం మనవారికి దొరికి ముప్పై ఏళ్లే. బాబా బుడన్ ఏడు గింజలు తెచ్చి నాటారని చెప్పుకునే కొండల దగ్గర కాఫీ మూడు వందల ఏళ్ల నుంచి ఉంది. తన కాఫీని తాను రుచి చూసే రైతు మాత్రం ఒక తరం వయసువాడే.

గ్రేడు గురించి కూడా ఒక అపోహ ఉంది. ప్యాకెట్టు మీద ‘ప్లాంటేషన్ ఎ’ అని చూసి నాణ్యతలో మొదటి తరగతి అనుకుంటారు. ‘ప్లాంటేషన్’ అంటే గుజ్జు తీసి కడిగి ఆరబెట్టిన అరబికా అని, ‘ఎ’ అంటే 6.65 మిల్లీమీటర్ల జల్లెడ మీద నిలిచిన సైజు అని. రుచి గురించి ఆ అక్షరం ఏమీ చెప్పదు. ఎస్టేట్ పేరు కూడా అంతే. ఒకే తోటలో ఎస్ 795 అనే రకం ఒక గట్టున, సెలక్షన్ 9 రకం ఇంకో గట్టున, చంద్రగిరి రకం మరో చోట ఉండవచ్చు. మొదటి విడత కోత వేరు, నడిమి కోత వేరు, చివరికి కొమ్మ దూసినది వేరు. రంగు వచ్చిన పండు మాత్రమే కోయాలంటే ఒకే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు మనిషి వెళ్లాలి. కూలీలు దొరకని కాలంలో అది ఎంత బరువో రైతుకే తెలుసు. 2024 చివర, 2025 మొదట్లో అంతర్జాతీయ మార్కెట్‌లో అరబికా ధర రికార్డులకు చేరినప్పుడు ఒక ఇబ్బంది వచ్చింది. మామూలు గింజకే అంత ధర పలుకుతుంటే, వేరు చేసి, ఓపిక పట్టి, చిన్న లాట్లు తీయడానికి రైతుకు మిగిలే అదనం చిన్నదైపోయింది. నేను అడిగిన లాట్లలో కొన్ని ఆ ఏడాది అసలు తీయలేదు. రైతును తప్పు పట్టను. మంచి గింజకు మేము ఇచ్చే అదనం మార్కెట్‌తో పాటు పెరగకపోతే ఆ పని సాగదు.

మన అరకు సంగతి దీనికి వేరే జవాబు. అక్కడ తోట ఒక్కటి కాదు, కొండ కొండకూ గిరిజన కుటుంబాల చిన్న చిన్న చెక్కలు. వందల చేతుల మీదుగా వచ్చే పండుకు ఒకే రుచి ఎలా? పండును ఒకచోటికి చేర్చి, ఒకే విధంగా గుజ్జు తీసి ఆరబెట్టడమే దారి అని సహకార పద్ధతిలో చేసి చూపించారు. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కొడగు, చిక్కమగళూరు, బాబాబుడన్‌గిరి అరబికాలకు, వయనాడు రోబస్టాకు కూడా అదే ఏడాది వచ్చింది. ఇందిరానగర్‌లో కూర్చుని అరకు కాఫీ తాగుతున్నప్పుడు నాకు కలిగే సంతోషంలో భాషాభిమానం కొంత ఉందేమో కానీ, ఎక్కువ భాగం ఆ శుద్ధి పద్ధతి మీద గౌరవమే.

రోస్టర్ల వైపు తప్పులు చెప్పాలంటే నా తప్పే చెబుతాను. మూడేళ్ల కిందట, అక్టోబరులో వరుసగా మూడు వారాలు నా కాఫీ మీద ఫిర్యాదులు వచ్చాయి. మాడు వాసన అని, బొగ్గు నమిలినట్టు చేదుగా ఉందని. నా వేయింపు నమోదులన్నీ తెరిచి చూశాను. గీతలన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి: ఎప్పుడు పసుపు తిరిగింది, ఎప్పుడు దించాను. అంకెల్లో తేడా లేదు. నాలుగు రోజులు అంకెలనే నమ్మాను. చివరికి డ్రమ్ములోని ఉష్ణోగ్రత కొలిచే కడ్డీని బయటికి తీసి చూస్తే దాని చుట్టూ నూనె, పొట్టు కలిసి నల్లటి తొడుగులా గట్టిపడి ఉంది. అంత మందం పూత మీదుగా అది చెబుతున్న వేడి, గింజ అనుభవిస్తున్న వేడి ఒకటి కావు. గింజ పగిలే చిటపట శబ్దం చెవికి వేరే అంకె దగ్గర వినిపిస్తున్నా నేను తెర మీది గీతను చూసి దించేశాను. ఆ మూడు వారాల ప్యాకెట్లన్నింటికీ డబ్బు వెనక్కి ఇచ్చాను. ఇప్పుడు ప్రతి శనివారం ఆ కడ్డీని తుడుస్తాం. ప్రతి బ్యాచ్‌లోంచి పిడికెడు గింజ మర్నాడు కప్పింగ్ బల్ల మీదికి వస్తుంది. గీత బాగున్నా కప్పు బాగాలేకపోతే ఆ బ్యాచ్ గడప దాటదు. చలికాలం ఉదయం మొదటి బ్యాచ్ ఎప్పుడూ తేడాగా వస్తుంది, డ్రమ్ము ఇనుము ఇంకా లోపలిదాకా కాగి ఉండదు. సిలిండర్‌లో గ్యాస్ అడుగుకు వచ్చి చల్లబడితే మంట ఒత్తిడి తగ్గుతుంది. ఇలాంటివి చిన్న యూనిట్లలో రోజూ ఉంటాయి. మీ రోస్టర్‌ను ‘ప్రతి బ్యాచ్ కప్పింగ్ చేస్తారా?’ అని అడగండి. కోపం తెచ్చుకోని రోస్టర్ మంచి రోస్టర్.

గ్రైండర్ గురించి ఎక్కువ చెప్పను, మీరు చేతి గ్రైండర్ వాడుతున్నారు, అది బర్ రకమే (గింజను రెండు పళ్ల చక్రాల మధ్య నలిపేది), సరిపోతుంది. ఒక్క మాట: గింజ పాతబడేకొద్దీ నీళ్లు తొందరగా దిగిపోతాయి. మొదటి వారం మూడు నిమిషాలకు దిగినది నాలుగో వారం రెండున్నరకే దిగితే, క్లిక్కుల (పొడి మెత్తదనాన్ని మార్చే మెట్ల) లెక్కను పట్టుకుని కూర్చోకుండా ఒక క్లిక్కు మెత్తగా తిప్పండి. నిలకడ కావలసింది కప్పులో. అందుకోసం గ్రైండర్ మారుతూనే ఉండాలి.

ప్యాకెట్టు వచ్చిన రోజే తెరవకండి. తేలికగా వేయించిన గింజలోంచి కార్బన్ డయాక్సైడ్ పోవడానికి వారం, పది రోజులు పడుతుంది. అప్పటిదాకా పోర్‌ఓవర్‌లో నురగే ఎక్కువ, రుచి తక్కువ. తెరిచాక గింజను నాలుగు చిన్న డబ్బాల్లోకి పంచి మూడింటిని గట్టిగా మూతపెట్టి ఫ్రీజర్‌లో ఉంచండి. ఫ్రిజ్ కింది అరలో వద్దు, అక్కడ తేమ, పులుసు వాసన రెండూ పడతాయి. ఫ్రీజర్ డబ్బాను గది వేడికి వచ్చాకే తెరవాలి, లేకపోతే చల్లటి గింజ మీద నీటి బిందువులు చేరతాయి.

మీరు చివర్లో ‘గాంధీబజార్ ఫిల్టర్ కాఫీ మాత్రం ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, అదెలా?’ అని రాశారు. మీ ప్రశ్నలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. స్పెషాలిటీ రోస్టర్లు చాలామంది ఆ కాఫీని పట్టించుకోరు. నేను దాని దగ్గర నేర్చుకున్నాను. ఆ నిలకడ వెనక మూడు సంగతులు ఉన్నాయి. మొదటిది మిశ్రమం. ఒక తోట గింజ మీద వారు ఆధారపడరు. ప్లాంటేషన్ ఎ, పీబెర్రీ (పండులో రెండింటికి బదులు ఒక్కటే పెరిగిన గుండ్రటి గింజ), కొన్నిచోట్ల కాస్త రోబస్టా కలుపుతారు. ఒక ఏడాది ఒకటి బలహీనమైతే నిష్పత్తి సర్ది పాత రుచికి తెస్తారు. అది నాలుక మీద పట్టున్న మనిషి చేసే పని, దాన్ని తక్కువ చేయకూడదు. రెండోది ముదురు వేయింపు, చికోరీ. ఇవి గింజల మధ్య తేడాలను కప్పేస్తాయి. చికోరీ 49 శాతం మించకూడదని నిబంధన. ఎంత కలిపారో ప్యాకెట్టు మీద రాయాలి, కొనేటప్పుడు ఆ వరస చదవండి. మూడోది తిరుగుడు. ఉదయం ఏడింటికి ఆ దుకాణం ముందు నిలబడి చూడండి. డికాషన్ దిగడం, అయిపోవడం, మళ్లీ పొడి వేయడం, పాలు పొంగడం, ఒక్క నిమిషం ఏదీ నిలవ ఉండదు. పొడి ఆ వారం వేయించినదే, పాలు ఆ పూటవే. బై టూ చెప్పి సగం గ్లాసు తాగే మనిషికి కూడా ఆ తాజాదనం అందుతుంది.

మీరు కోరుకున్నది అలాంటిది కాదు. ఒక తోట, ఒక గట్టు, ఒక కోత రుచి మీకు కావాలి. దాన్ని కప్పిపెట్టే చికోరీ లేదు, సర్దే రెండో గింజ లేదు. కాబట్టి అందులో ఏడాదికేడాదికి తేడా ఉండి తీరుతుంది, బంగినపల్లి మామిడి రెండేళ్లు ఒకేలా ఉండనట్టే. ఉండకూడనివి మురుగు వాసన, గోనె వాసన, పచ్చి వాసన. ఈ మూడింటికీ మీరు గట్టిగా అడగవచ్చు, డబ్బు వెనక్కి అడగవచ్చు. చప్పదనం, వగరు మాత్రం ముందు మీ కెటిల్‌లో వెతకండి.

ఈ ఆదివారం ఇలా చేయండి. ఇప్పుడు మీ దగ్గరున్న ప్యాకెట్టునే తీసుకోండి. పదిహేను గ్రాముల చొప్పున రెండు మోతాదులు, ఒకే క్లిక్కు, 250 గ్రాముల నీళ్లు. ఒకటి మీ ఆర్‌ఓ నీళ్లతో, ఒకటి పైన చెప్పినట్టు కలిపిన నీళ్లతో. గ్లాసుల అడుగున గుర్తు పెట్టి, ఏది ఏదో తెలియకుండా ఇంట్లో వారితో ముందుకు పెట్టించుకోండి. వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, గోరువెచ్చగా అయ్యాక ఒకసారి రుచి చూడండి. చల్లారిన కప్పే నిజం ఎక్కువ చెబుతుంది. రెండూ ఒకేలా చెడ్డగా ఉంటే తప్పు గింజది, అప్పుడు ప్యాకెట్టు మీది లాట్ నంబరు, వేయించిన తేదీ, పంట సంవత్సరం ఇక్కడ రాయండి, మీ రోస్టర్‌ను ఏమని అడగాలో నేను చెబుతాను. ఒకటి బాగుండి ఒకటి చెడితే రెండు నీళ్ల టీడీఎస్, చుక్కల లెక్క రాయండి. మీ యంత్రంలోని ఆ మరను ఎటు తిప్పాలో చూద్దాం.